రెండో ఫ్యాక్టరీ గ్రైండరు

మా సందులో ఆడవాళ్ళు ఇంట్లో వస్తువులను ఫ్యాక్టరీల వరసలో చెప్పేవారు. ఇది మొదటి ఫ్యాక్టరీ బీరువా, ఇది రెండో ఫ్యాక్టరీ మంచం, అది మూడో ఫ్యాక్టరీ టీవీ. కొత్తగా బాడిగకు వచ్చినవాళ్ళకు ఇది అర్థమయ్యేది కాదు. గార్మెంట్సులో కుట్టే ఆడవాళ్ళు నాలుగేళ్ళో నాలుగున్నరేళ్ళో పనిచేసి, రాజీనామా రాసిచ్చి, జీతంలో నెలనెలా పట్టుకున్న పి.ఎఫ్. డబ్బు తీసుకుని, దానితో ఒక వస్తువు కొని, రెండు నెలలు ఇంట్లో ఉండి, మళ్ళీ ఇంకో ఫ్యాక్టరీలో కొత్త మనిషిలాగా చేరేవారు. తమ కష్టాన్ని ఒక్కచోట కుప్పగా కళ్ళచూసే దారి వాళ్ళకు అదొక్కటే. ఐదేళ్ళు నిండితే కంపెనీ ఇంకేదో ఇవ్వవలసి వస్తుందని, అందుకే నాలుగేళ్ళు దాటినవాళ్ళకు సూపర్‌వైజర్లు పొగబెడతారని కూడా అనుకునేవారు. నిజమెంతో నాకు తెలియదు. పోయేవాళ్ళు మాత్రం సంతోషంగానే పోయేవారు.

మా ఇంట్లో మొదటి ఫ్యాక్టరీ అంటే కప్పు మీద రేకులు. రెండో ఫ్యాక్టరీ అంటే గ్రైండరు. మూడో ఫ్యాక్టరీ పేరుతో ఏ వస్తువూ లేదు. ఎందుకు లేదో రాయాలనే ఈ కాగితాలు పట్టుకుని కూర్చున్నాను. నేను చదివింది మూడో తరగతి. పొట్లాలు కట్టిన పేపర్లు విప్పి చదవడం మానలేదు కాబట్టి అక్షరం పోలేదు. తప్పులుంటే మనవరాలు దిద్దుతుంది. అక్షరాలు దిద్దు, విషయం దిద్దవద్దని ముందే చెప్పాను.

మాది బెంగళూరు పేటలో మూడు తరాలుగా ఉన్న కుటుంబం. మా ఆయన బట్టల మిల్లులో పనిచేసేవారు. మిల్లు మూసేశారు. రావలసిన డబ్బు వస్తుంది వస్తుంది అన్నారు. ఆయన చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వెళ్ళి కనుక్కుని వచ్చేవారు. అలా మూడేళ్ళు తిరిగి, ఆ తిరుగుడులోనే దగ్గు పట్టుకుని పోయారు. డబ్బు ఆయన పోయిన ఏడాదిన్నరకు వచ్చింది. ఆసుపత్రికి చేసిన అప్పులు తీరాయి, అంతే. ఆ రోజు నుంచి నాకు ఒక్క మాట మనసులో పాతుకుపోయింది. మన కొంగుముడిలో లేని డబ్బు మన డబ్బు కాదు. దాన్ని తప్పని చెప్పడానికి ఎవరూ నా ముందుకు రాలేదు, వచ్చినా నేను వినేదాన్ని కాదు.

నాకు విధవ పింఛను వచ్చేది. మనియార్డరు తెచ్చే పోస్టుమ్యాను డబ్బు చేతికిచ్చి, సంతకం తీసుకుని, అక్కడే నిలబడేవాడు. టీకి ఇమ్మని నోరు తెరిచి అడిగేవాడు కాదు. నేనూ నిలబడేదాన్ని. కాసేపటికి అతనే కదిలేవాడు. ఆ పింఛను ఉప్పుకూ పప్పుకూ చాలేది కాదు. కానీ దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టేవారు కాబట్టి అది డబ్బు. నా లెక్క అంత మోటుగా ఉండేది.

పేటలో బాడిగ కట్టలేక మారతహళ్ళికి వచ్చాము. అప్పుడది పల్లె. రాగి చేలు, నడుమ ఇటుకబట్టీలు, రోడ్డు పక్కన రెండు ఫ్యాక్టరీ షెడ్లు. మా కొడుకు ఆటో తోలేవాడు. మంచివాడే, కానీ వాడి జేబుకు అడుగు లేదు. అందుకే తొంభై ఒకటిలో కోడలిని గార్మెంట్సుకు పంపాను. నేనే పంపాను. అప్పటికి మనవరాలికి మూడేళ్ళు. పిల్లను నేను చూసుకుంటాను, వంట నేను చేస్తాను, జీతం తెచ్చి నా చేతిలో పెట్టు అన్నాను. కోడలు తల ఊపింది. మాట తక్కువ మనిషి.

ఆమె చొక్కాలకు కాలర్లు కుట్టేది. రోజంతా కాలర్లే. చొక్కా పూర్తిగా ఎలా ఉంటుందో మూడేళ్ళ దాకా చూడలేదట. సాయంత్రం వచ్చి గడప దగ్గర కూర్చుంటే తలలో దారపు ముక్కలు ఉండేవి. నేను ఏరి పారేసేదాన్ని. నీలం దారముంటే ఆ రోజు నీలం చొక్కాలు, తెలుపుంటే తెల్ల చొక్కాలు. మా ఇద్దరి మధ్య ముద్దుముచ్చట్లు ఉండేవి కావు. ఆ దారాలు ఏరేటప్పుడే ఏదైనా మాట్లాడుకుంటే మాట్లాడుకోవడం.

మొదటి ఫ్యాక్టరీ నాలుగేళ్ళకు మానిపించాను. వాన కురిస్తే గిన్నెలన్నీ నేల మీదే ఉండేవి. ఆ డబ్బుతో రేకులు వేయించాము. దాని గురించి నాకు బాధ లేదు. తల తడవకుండా ఉండాలంటే ఏదో ఒకటి చేయాలి.

బాధ రెండో ఫ్యాక్టరీ గురించి.

రెండు వేల సంవత్సరంలో, నాలుగేళ్ళు దాటాక, లైనులో పదిమంది ఒకేసారి రాజీనామా ఇస్తున్నారని కోడలు చెప్పింది. నువ్వూ ఇచ్చెయ్ అన్నాను. నాకు అప్పటికే గ్రైండరు మీద కన్నుంది. చుట్టుపక్కల మేడలు లేస్తున్నాయి. కంప్యూటరు ఉద్యోగాల పిల్లలు నలుగురైదుగురు కలిసి ఒక ఇంట్లో దిగుతున్నారు. వాళ్ళకు వండుకోవడం రాదు, దోశ తినక ఉండలేరు. పిండి రుబ్బి అమ్మితే నాలుగు రూపాయలు మిగులుతాయి. ఇంకో సంగతి కూడా ఉంది, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. కోడలి జీతం నా చేతిలో పెట్టించుకుంటున్నానే కానీ, అది నా సంపాదన కాదని నాకు తెలుసు. నాకు నా చేతులతో సంపాదించాలని ఉండేది.

ప్రావిడెంటు ఆఫీసు బయట గోడ నీడన ఒకాయన ఒళ్ళో అట్ట పెట్టుకుని ఫారాలు నింపేవాడు. కన్నడం, తెలుగు, తమిళం, ఎవరి భాష వాళ్ళతో మాట్లాడేవాడు, ముసలమ్మలను మాత్రం కన్నడంలో అజ్జీ అనేవాడు. కోడలిని వెంటబెట్టుకుని నేనే వెళ్ళాను. మా వెనకాల ఆమెతో పాటు మానేసిన ఆడవాళ్ళు వరసలో ఉన్నారు.

ఆయన రెండు కాగితాలు తీశాడు. "అజ్జీ, ఇది పి.ఎఫ్.ది. ఇది తీసుకోండి, ఎవరూ వొద్దనరు. రెండోది పింఛనుది. దీంట్లో రెండు దారులు ఉండాయి. డబ్బు కావాలంటే డబ్బు. లేదంటే ఒక సర్టిఫికెట్టు ఇస్తారు. రేపు ఇంకో ఫ్యాక్టరీలో చేరితే ఈ ఏండ్లు దాంట్లో కలుస్తాయి. మొత్తం పదేండ్లు అయితే ముసలితనంలో నెలనెలా పింఛను."

"ఎంత వస్తాది?" అన్నాను.

"ఇప్పుడే ఎట్ల చెప్పేది అజ్జీ?"

"ఎప్పుడు వస్తాది?"

"యాభై ఎనిమిది నిండినంక."

కోడలికి అప్పుడు ముప్పై ఏడు. "ఎంతో చెప్పలేనంటావు. ఇరవై ఏండ్లు ఆగమంటావు. అంతవరకు నేనుంటానా, నువ్వుంటావా అప్పా?"

"నేనుండను అజ్జీ. ఈ ఎండకు ఎప్పుడో ఎండిపోయుంటాను. కాగితం ఉంటాది."

కోడలు నా మోచేయి పట్టుకుంది. పదిమందిలో నన్ను తాకి మాట్లాడటం ఆమెకు అలవాటు లేదు. "అత్తా, కాగితమే తీసుకుందామా. చెకింగ్ అక్క అదే తీసుకుంటాండాది. పింఛనుది పెద్ద డబ్బేం కాదు కదా, ఉండనీ."

చెకింగ్ అక్క అంటే మా సందు చివర ఇంట్లో ఉండే మనిషి. అదే ఫ్యాక్టరీలో కుట్టిన చొక్కాలను పరీక్ష చేసేది. కోడలికంటే పన్నెండేళ్ళు పెద్దది. వరసలో మా వెనకే నిలబడి ఉంది.

"పి.ఎఫ్. ఒకటే అయితే గ్రైండరుకు చాలదు," అన్నాను.

"చిన్నది కొందాము అత్తా."

"చిన్న దాంట్లో మన కడుపుకే చాలదు, అమ్మేదేంది? ఆ కాగితం రుబ్బితే పిండి వస్తాదా?"

వరసంతా నవ్వింది. చెకింగ్ అక్క కూడా నవ్వింది. ఫారాల ఆయన కూడా నవ్వి, డబ్బు అన్నచోట గీత గీశాడు. కోడలు నవ్వలేదు. నా మోచేయి వదిలి, చూపించినచోట సంతకం పెట్టింది. ఆమె సంతకం పొడుగ్గా, పేరులో అక్షరాలన్నీ విడివిడిగా ఉండేవి. నాకంటే నాలుగు తరగతులు ఎక్కువ చదివింది. ఆ సంగతి నాకు ఆ రోజు గుర్తు రాలేదు.

రెండు నెలలకు డబ్బు వచ్చింది, గ్రైండరు వచ్చింది. పెద్దది, నాలుగు కాళ్ళది, రాయి ఎత్తాలంటే ఇద్దరు కావాలి. కోడలు మూడో ఫ్యాక్టరీలో చేరింది. అది కూడా మారతహళ్ళిలోనే, నడిచిపోయే దూరం.

గ్రైండరు మమ్మల్ని మోసం చేసిందని అనను. ఆరేళ్ళు నడిచింది. మినుములు కాడుగోడి సంతలో కొంచెం అగ్గువ. బస్సెక్కి పోయి, బరువు కదా అని కండక్టరు లగేజీ టికెట్టు అడుగుతాడేమోనని సంచి కాళ్ళ కింద పెట్టుకుని తెచ్చుకునేదాన్ని. తెల్లవారేసరికి పిండి పొంగి ఉండాలి. ఏడు గంటలకు పిల్లలు వరసగా వచ్చేవారు. చాలామంది ఆంధ్రా వైపు వాళ్ళు, మెడలో కంపెనీ పట్టీ వేలాడుతూ ఉండేది.

"ఆంటీ, వన్ కేజీ బ్యాటర్ ప్యాక్ చేయండి. సండే కూడా ఓపెనా?"

"ఓపెను ఏంది నాయనా, మా ఇంటి తలుపే కదా. తట్టు, తీస్తాను."

"ఫోన్ చేస్తే ఫ్లాటుకు పంపిస్తారా?"

"నేనే మోసుకుని రావాల. రెండు అంతస్తుల పైన ఉంటే నువ్వే దిగు."

దిగేవారు. ఆ డబ్బుతోనే మనవరాలి చదువు చాలావరకు జరిగింది. బి.కాం. దాకా ఫీజుకు ఎవరి దగ్గరా చేయి చాపలేదు. పిండి డబ్బు చేతికి వచ్చినప్పుడల్లా, చూశావా కాగితం తీసుకుని ఉంటే ఏమయ్యేది అని కోడలిని అనేదాన్ని. ఒకసారి కాదు, చాలాసార్లు అన్నాను. ఆమె తల వంచి, దారాలు ఏరించుకుంటూ ఉండేది.

తరవాత పిండి ప్యాకెట్లు అంగళ్ళలోకి వచ్చాయి. ఫ్రిజ్జులో చల్లగా, మీద తారీకుతో. పిల్లలు అటు వెళ్ళారు. వాళ్ళను తప్పుపట్టడానికి లేదు, ఆ అంగడి రాత్రి పది దాకా ఉంటుంది. రోడ్డు వెడల్పయింది, వంతెన వచ్చింది, రాగి చేల మీద అద్దాల బిల్డింగులు లేచాయి. దేశం ముందుకు పోతోందని పొట్లాం పేపర్లలో నేనే చదివాను. పోతూనే ఉంది, కళ్ళకు కనిపిస్తూనే ఉంది. మా రేకుల ఇంటికి బాడిగ కూడా పెరిగింది. రేకులు మేమే వేయించుకున్నాము కదా, తగ్గించండి అని అడిగితే, రేకులు కావాలంటే పీక్కొని పొండి అని ఇంటి ఓనరు అన్నాడు.

రెండు వేల తొమ్మిదిలో ఒక ఆదివారం చెకింగ్ అక్క వచ్చింది. చేతిలో చిన్న మిఠాయి పొట్లం ఉంది. పని మానేసి ఏడాది దాటింది ఆమె.

"పింఛను వచ్చింది పెద్దమ్మా," అంది నాతో. "బ్యాంకులో పడింది. రెండు నెలలది ఒకేసారి."

"ఎంత?" అన్నాను. నా నోటికి ముందు వచ్చేది అదే.

"ఎంతో ఏం లేదులే. గ్యాసు సిలిండరుకు, నా బీపీ మాత్రలకు అవుతాది. కొడుకును అడిగే పని లేదు. అడిగితే ఇస్తాడు. కానీ కోడలి మొగం చూసి ఇస్తాడు." నవ్వి, మా కోడలి వైపు తిరిగింది. "నీకింకా ఎన్నేండ్లు ఉండాది పాప? నీకూ వస్తాది కదా."

కోడలు గిన్నెలు తోముతోంది. కొళాయి చప్పుడులో వినబడనట్టే ఉంది. నాకు తెలుసు వినబడిందని. చెకింగ్ అక్కకు కూడా అప్పుడే గుర్తొచ్చినట్టుంది, ఆ రోజు వరసలో నవ్వింది కదా తనూ. మిఠాయి పొట్లం చాప మీద పెట్టి, తొందరగా పోవాలని లేచింది.

ఆ నెలలోనే మూడో ఫ్యాక్టరీలో నోటీసు అంటించారు. షెడ్డు పడగొట్టి అక్కడ ఆఫీసులు కడతారట. ఫ్యాక్టరీని సర్జాపుర దాటి అవతలికి మారుస్తున్నారు. వచ్చేవాళ్ళు రావచ్చు, రాలేనివాళ్ళు రాజీనామా ఇచ్చి డబ్బు తీసుకోవచ్చు. అప్పటికి కోడలికి నలభై ఆరు. కుడిచేతి బొటనవేలు సగం కంటే వంగదు. సూదిలో దారం ఎక్కించడానికి పక్క మిషను అమ్మాయిని పిలవాల్సి వచ్చేది.

కొడుకు సంతోషపడ్డాడు. "మంచిదే అయింది అమ్మా. ఆటోకు గ్యాస్ కిట్టు వేయించాల. లేకుంటే తోలనీరంట. దీని డబ్బు వస్తే సరిపోతాది. అంత దూరం ఏం పోతాదిలే, ఇంట్లో ఉండనీ."

పాతికేళ్ళుగా నేను మాట్లాడిన మాటే వాడు మాట్లాడాడు. నా దగ్గర నేర్చుకున్నదే. నాకు ఆ మాట మొదటిసారి బయటినుంచి వినబడింది.

మనవరాలిని కోడలి పి.ఎఫ్. స్లిప్పు తీసి చదవమన్నాను. వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టింది. "ఎనిమిదిన్నరేళ్ళు అవ్వా."

"ముందుది కలిపితే?"

"ముందుది ఎక్కడుంది అవ్వా? ముందుదే కదా ఇది," అని గ్రైండరు వైపు చూపించింది. ఎగతాళికి అనలేదు. చిన్నప్పటినుంచి దాన్ని అలా పిలవడమే విన్నది.

మరునాడు ఒక్కదాన్నే ఆ ఆఫీసు దగ్గరికి వెళ్ళాను. ఎవరికీ చెప్పలేదు. ఫారాల ఆయన అక్కడే ఉన్నాడు. ఎండిపోలేదు, లావయ్యాడు. గోడ నీడన ప్లాస్టిక్కు కుర్చీ వేసుకున్నాడు. నేను గుర్తులేను, ఉండటానికి నేనేమంత. జరిగిందంతా చెప్పాను.

"ఎనిమిదిన్నర ఉండాది కదా అజ్జీ. ఇంకా ఏడాదిన్నర చేయమనండి. పి.ఎఫ్. నంబరు మారకుండా అదే కంపెనీలో ఉంటే చాలు."

"ఆమె చెయ్యి బాగలేదప్పా. ముందు నాలుగేండ్లు చేసింది, అది కలపండి."

"అది డబ్బు తీసేసుకున్నారు కదా."

"తిరిగి కడతాను. వడ్డీతో కడతాను. ఆ ఏండ్లు తిరిగి ఇమ్మనప్పా."

ఆయన నా వైపు తిరిగాడు. అంతవరకు వేరే ఫారం నింపుతూనే మాట్లాడుతున్నాడు. పెన్ను పక్కన పెట్టాడు.

"డబ్బు ఇప్పించే ఫారాలన్నీ నా దగ్గర ఉండాయి అజ్జీ. ఏండ్లు తిరిగి ఇప్పించే ఫారం లేదు."

మాట్లాడినందుకు డబ్బు తీసుకోలేదు. నేనూ ఇవ్వలేదు. బస్సు స్టాపులో చాలాసేపు కూర్చున్నాను. రెండు బస్సులు వచ్చి వెళ్ళాయి. చివరికి టికెట్టు డబ్బు మిగులుతుంది కదా అని సగం దూరం నడిచాను. బుద్ధి అంత తొందరగా మారదు.

ఆ సాయంత్రం కోడలు వచ్చి గడప దగ్గర కూర్చుంది. తలలో దారాలు ఏరుతూ, ఆయన చెప్పింది చెప్పాను. నేను తిరిగి కడతానన్న సంగతి చెప్పలేదు.

"ఏడాదిన్నర పోతేనే పింఛను. లేకుంటే అదీ లేదు. వాడేమో డబ్బు తీసుకోమంటాండాడు. నువ్వేమంటావు?"

"నన్ను అడుగుతాండావా అత్తా?"

"నిన్నే."

"అప్పుడు అడిగింటే బాగుండు."

ఫ్యాక్టరీకి పోయిన పద్దెనిమిదేళ్ళలో ఆమె నన్ను తప్పుపట్టి అన్న మాట అదొక్కటే. గొంతు కూడా పెంచలేదు. నేను దారాలు ఏరుతూనే ఉన్నాను. తప్పు అని నా నోటికి ఎప్పుడూ రాలేదు, ఆ రోజు కూడా రాలేదు.

ఆమే మళ్ళీ అంది. "పోతా. రెండు బస్సులు. ఐదున్నరకు ఇంట్లోనుంచి కదలాల. టిఫిను డబ్బా నువ్వు కట్టాల అత్తా. నాకు వేలితో మూత బిగించేదానికి కాదు."

"కడతాను."

"సంగటి వొద్దు. చల్లారితే రాయి అవుతాది. దోశలు వెయ్యి."

కొడుకు గొడవ చేశాడు. "నువ్వే కదమ్మా ఎప్పుడూ చేతికి వచ్చిందే డబ్బు అంటావు" అన్నాడు. నేనే అన్నాను, తప్పంటే నాదే, ఇప్పుడు కిట్టుకు నీ చీటీ పాట ఎత్తుకో అన్నాను. రెండు రోజులు అన్నం తినకుండా అలిగి, మూడో రోజు తిన్నాడు.

బస్సు పాసుకు డబ్బు కావలసి వచ్చింది. జీతంలో పాసు పోతే బాడిగకు తగ్గుతుంది. గ్రైండరును పాత సామాన్లు కొనే గుజరీ అతనికి చూపించాను. నాలుగు వైపులా తిరిగి చూశాడు. "మోటారుకు, డ్రమ్ముకు ఇస్తాను అజ్జీ. రాయికి రేటు లేదు." రాయి మాకే వదిలి మిగతాది తీసుకుపోయాడు. మూడు నెలల పాసులు వచ్చాయి. రాయి కొళాయి దగ్గర ఉంది. దాని మీద కూర్చుని గిన్నెలు తోముతాము. ఇంట్లోకి మినుములు పాత చేతిరోట్లోనే రుబ్బాను, దోశలు కావాలంది కదా.

ఆ ఏడాదిన్నర గురించి రాయడానికి ఎక్కువేమీ లేదు. నాలుగుకు లేచేదాన్ని. దోశలు వేసి, డబ్బా కట్టి, మూత బిగించి, బస్సు స్టాపు దాకా వెంట వెళ్ళేదాన్ని. అవసరమేమీ లేదు, ఆమె చిన్నపిల్ల కాదు. అయినా వెళ్ళేదాన్ని. స్టాపులో గార్మెంట్సు ఆడవాళ్ళు, కంపెనీ క్యాబు దిగి నిలబడ్డ పిల్లలు పక్కపక్కనే ఉండేవారు. ఆ పిల్లలు రాత్రి షిఫ్టు నుంచి దిగేవాళ్ళు, వీళ్ళు పొద్దుటి షిఫ్టుకు ఎక్కేవాళ్ళు. అందరి మొహాలూ నిద్రమొహాలే.

ఏడో నెలలో సూపర్‌వైజరు ఆమెను మిషను నుంచి తీసేసి దారాలు కత్తిరించే పనిలో పెట్టాడు. జీతం తగ్గింది. అయినా పి.ఎఫ్. లెక్కలో నెల పడుతుంది కదా అంది. పదకొండో నెలలో జ్వరం వచ్చి పది రోజులు పడుకుంది. పడుకుని కూడా తారీకులు అడిగేది. సెలవులు ఎక్కువైతే తీసేస్తారేమోనని భయం. పదకొండో రోజు కళ్ళు తిరుగుతున్నా లేచి తయారైంది. ఆ రోజు నేను బస్సెక్కి ఫ్యాక్టరీ గేటు దాకా వెళ్ళాను. సర్జాపుర దాటినంక రోడ్డుకు రెండు పక్కలా పెద్ద పెద్ద అపార్టుమెంట్లు కడుతున్నారు. బోర్డుల మీద ఈతకొలనులో ఆడుకునే పిల్లల బొమ్మలు. కోడలు కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది. ఆమె తలలో అక్కడక్కడా తెల్లగా ఉంటే, నిన్నటి దారమేమోనని ఏరబోయాను. వెంట్రుకలు.

నెలలు ఎప్పుడు నిండుతాయో మనవరాలు క్యాలెండరులో గుండ్రంగా గీత చుట్టింది. ఆ రోజుకు నేను ఏమీ చేయలేదు. చేయాలని అనుకున్నాను, పాయసమో ఏదో. బెల్లం ధర చూసి, పింఛను వచ్చినప్పుడు చేద్దాములే అనుకున్నాను. వయసు నిండాలంటే ఇంకా పదేళ్ళు ఉంది. అప్పటికి నేనుంటానని ఎవరూ అనుకోవడం లేదు, నేను కూడా. ఫారాల ఆయనను ఆ మాటే అడిగాను మొదట్లో. కాగితం ఉంటాది అన్నాడు.

ఆ సాయంత్రం కోడలు వచ్చి గడప దగ్గర కూర్చుంది. టిఫిను డబ్బా పక్కన పెట్టింది. నేను వెనక కూర్చుని దారాలు ఏరాను. పచ్చ దారాలు.

"అయిందా?" అన్నాను.

"అయింది అత్తా. పదేండ్లు."

కొళాయి దగ్గర రాయి మీద నీళ్ళు పడుతున్న చప్పుడు. ఎవరో కొళాయి సరిగా కట్టేయలేదు. లేవబోయాను. ఆమె ముందు లేచి, ఎడమచేత్తో కట్టి వచ్చి, మళ్ళీ నా ముందు కూర్చుంది.

"రేపు తొందర షిఫ్టు. ఐదుకే బస్సు," అంది. "మూడున్నరకు లేపు అత్తా."